తాత ఊత, నా నోటుపుస్తకం

(ఇందుకూరుపేటలో మన సంఘం యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

 

మాట్లాడమని సంఘం పెద్దలు ఫోన్ చేసినప్పుడు ‘నాకు మాటలు రావన్నా, గీతలు వస్తాయి’ అన్నాను. ‘అయితే గీతల గురించే చెప్పు, మన పిల్లకాయలకు అది కూడా కావాలి’ అన్నారు. అందుకని ఈరోజు ఒకటే విషయం మాట్లాడతాను. స్కేలు లేకుండా, రబ్బరు లేకుండా, చేత్తో ఒక వస్తువును చూసి గీయడం. ఎదుటివాడు ఆ బొమ్మ చూసి ‘ఓహో, ఇది ఇట్టా ఉంటుందా, ఇట్టా తయారు చెయ్యాలా’ అని అర్థం చేసుకునేటట్టు గీయడం. దీన్ని డిజైన్ స్కెచింగ్ అంటారు. పేరు పెద్దగా ఉంది కానీ పని పెద్దది కాదు. రోజూ చెయ్యాలి, అంతే. ఆ ‘అంతే’ దగ్గరే మనలో చాలామంది ఆగిపోతాం.

ఈ బల్ల మీద పెట్టింది ఏందో మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. సరే, సగం మంది కూడా లేరు. ఇది ఊత. మోకాటిలోతు నీళ్లలో చేప కదిలిన చోట దీన్ని గభాలున నొక్కి, పైనున్న రంధ్రంలో చెయ్యి పెట్టి చేపను తీసుకుంటారు. మా తాత కాలవల్లో, కోతలైన మళ్లలో దీంతోనే చేపలు పట్టేవాడు. ఇది మా తాతది కాదు. దీన్ని ఎట్టా సంపాదించానో తర్వాత చెప్తాను.

ముందు నా సంగతి. మాది ఈ మండలమే. మాయమ్మ నాట్లకు, కోతలకు పోయేది. మా నాయన రొయ్యల గుంటల మీద కాపలా. పదో తరగతి అయ్యాక ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడులో చేరాను. రెండేళ్లు స్కేలు, సెట్‌స్క్వేర్లు, డ్రాఫ్టరు పట్టుకుని ఇళ్ల ప్లాన్లు గీశాను. మంచి మార్కులే వచ్చాయి. నాకంటే బాగా గీసేవాడు లేడనుకునేవాణ్ణి. ఆ ధైర్యంతోనే చెన్నై పోయి ఒక ఫర్నిచర్ వర్క్‌షాపులో పనికి అడిగాను.

అక్కడి ఓనరు నా సర్టిఫికెట్ చూళ్లేదు. ఒక ప్లైవుడ్ ముక్క, వడ్రంగులు వాడే పెన్సిలు నా ముందు పెట్టి, ‘కస్టమరు ఎదురుగా కూర్చుని ఉన్నాడనుకో. మూడు కాళ్ల స్టూలు కావాలంటున్నాడు. గీసి చూపించు’ అన్నాడు. నేను చుట్టూ చూసి ‘సార్, స్కేలు?’ అన్నాను. ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ‘స్కేలు తెచ్చేలోపు కస్టమరు లేచిపోతాడు’ అన్నాడు. నేను గీశాను. అది స్టూలు కాదు, మూడు కర్రల మీద నిలబెట్టిన దోసె. గీతలన్నీ వణుకుతున్నాయి. ఒక్క గీతను పది ముక్కలుగా గీకాను, కొబ్బరి పీచు మాదిరి. డ్రాయింగుకు కాదుగానీ, సామాన్లు మోసే హెల్పరుగా తీసుకున్నారు. ఇంటికి మాత్రం ‘డ్రాఫ్ట్స్‌మన్ పనే’ అని చెప్పాను. ఆ అబద్ధం నాలుగు నెలలు మోశాను.

అక్కడ ఒక పెద్దాయన ఉండేవాడు, తమిళాయన. కస్టమరు మాట్లాడుతుంటేనే ఆయన చెయ్యి గీస్తుండేది. మాట పూర్తయ్యేసరికి కుర్చీ కాగితం మీద ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం అన్నాలప్పుడు ధైర్యం చేసి అడిగాను, ‘అయ్యా, నాకు నేర్పిస్తారా?’ అని. ఆయన ‘నేర్పేదేముంది? ఒక నోటుపుస్తకం కొను. రోజుకొక పేజీ. పెన్నుతో గియ్యి. రబ్బరు ముట్టుకోవద్దు. పైన తేదీ వెయ్యి. నెల తర్వాత తీసుకురా’ అన్నాడు. అంతే, నాకు దొరికిన కాలేజీ అదే.

ఆ మొదటి పుస్తకం ఇదిగో. దగ్గరికి వచ్చి చూడొచ్చు, సిగ్గేమీ లేదు. మొదటి పది పేజీల్లో ఉన్నవి గీతలు, ఉట్టి గీతలు. ఇప్పుడు చూస్తే నాకే నవ్వొస్తుంది. రెండు చుక్కలు పెట్టి ఒకదాన్నించి ఇంకోదానికి గీత గియ్యమన్నాడు. చెయ్యి పక్కకు పోయేది. ఆయన చెప్పింది రెండే మాటలు. ఒకటి, పెన్ను ములికిని చూడొద్దు, చేరాల్సిన చుక్కను చూడు. సైకిలు తొక్కేవాడు ముందు చక్రాన్ని చూస్తే పడిపోతాడు, దారిని చూస్తే పోతాడు, అట్టాగ. రెండోది, గియ్యకముందు చేతిని గాల్లో అదే దారిలో రెండు మూడు సార్లు ఆడించు, తర్వాత ఒక్క ఊపులో గియ్యి. మధ్యలో ఆగొద్దు. గీత చుక్కను దాటి పోయినా ఫర్వాలేదు. పక్కకు పోయినా ఫర్వాలేదు. దాన్ని సరిదిద్దడానికి దాని మీద ఇంకో గీత వెయ్యొద్దు. కింద కొత్తది గియ్యి.

చివరిమాట ఒప్పుకోవడం చాలా కష్టం. తప్పును దిద్దాలని చెయ్యి గుంజుతుంది. కానీ దిద్దితే ఏమవుతుందంటే, మీ తప్పు మీకు కనపడదు. నేను ఇరవై రోజుల పేజీలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఒకటి తెలిసింది. నా గీతలన్నీ చివర్లో కిందికి వంగుతున్నాయి, ప్రతిదీ. ఎందుకు? మణికట్టు బల్లకు ఆనించి గీస్తున్నాను. మణికట్టు ఒకచోట నిలబడితే చెయ్యి వంపు తిరక్క ఏం చేస్తుంది? చిన్న గీతకు మణికట్టు చాలు. జానెడు గీతకు మోచెయ్యి కదలాలి. మూరెడు గీతకు భుజం కదలాలి. ఈ సంగతి ఐటీఐ రెండేళ్లలో నాకు తెలియలేదు. స్కేలు అంచే నా చేతిని నడిపించింది, చెయ్యి ఏమీ నేర్చుకోలేదు. స్కేలు తప్పని నేను అనను. కొలతల డ్రాయింగుకు అది ఉండాల్సిందే. కానీ ఆలోచన పుట్టేది స్కేలు దగ్గర కాదు.

భుజంతో గీయడం నేర్చుకోవాలంటే మీకు నా కంటే మంచి వసతి ఉంది. ఇక్కణ్ణించి ఆటో ఎక్కితే మైపాడు. అల వచ్చి వెనక్కి పోయిన తడి ఇసక కంటే మంచి కాగితం లేదు. ఒక పుల్ల తీసుకుని నిలబడి గియ్యండి. బారెడు గీత, బారెడు సున్నా. అల వచ్చి తుడిచేస్తుంది, మళ్లీ గియ్యండి. పైసా ఖర్చు లేదు. నిలబడి గీసేటప్పుడు మణికట్టు ఆనించడానికి ఏమీ ఉండదు కాబట్టి భుజం దానంతటదే పనిలోకి వస్తుంది. నేను సెలవులకు వచ్చినప్పుడల్లా ఇదే చేసేవాణ్ణి. టూరిస్టులు పిచ్చోణ్ణి చూసినట్టు చూసేవాళ్లు. చూడనీండి.

‘అన్నా, మాకు చేతిలో కళ లేదు’ అని కొందరు అంటారు. ఇందాక బయట టీ తాగేటప్పుడు కూడా ఒక చెల్లెలు అదే మాట అంది. సరే, ఆ చెల్లెల్నే అడుగుతున్నాను. నువ్వు సంక్రాంతి నెలలో వాకిట్లో ముగ్గు వేస్తావా? వేస్తావు. చుక్కలు పెట్టి, పిండి రెండు వేళ్ల మధ్య నుంచి వదులుతూ, ఎక్కడా ఆగకుండా మెలిక తిప్పుతావు. స్కేలు పెట్టావా? రబ్బరు ఉందా? పిండి సన్నగా ఒకే లావున పడుతుంది. పది చుక్కల ముగ్గు పక్కింటావిడ ఒకసారి వేస్తే చూసి ఇంటికొచ్చి వేస్తావు. ఇది చేతిలో కళ కాకపోతే మరేంది? నీకు అది ఏడేళ్లప్పుడు రాలేదు. మీయమ్మ పక్కన కూర్చుని రోజూ వేస్తే వచ్చింది. తెలుగులో మంచి మాట ఉంది, ‘చెయ్యి తిరిగినవాడు’ అని. చెయ్యి తిరిగిన వంటవాడు, చెయ్యి తిరిగిన వడ్రంగి. తిరగడం అంటే చేసి చేసి అలవాటు పడటం. పుట్టుకతో చెయ్యి తిరిగినవాడు ఎక్కడా లేడు.

మైపాడు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పి ముందుకు పోతాను. వస్తువు దూరంగా ఎట్టా కనపడుతుంది, దగ్గరగా ఎట్టా కనపడుతుంది అనే పాఠం పుస్తకాల్లో చాలా కష్టంగా ఉంటుంది. సముద్రం ముందు నిలబడితే అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది. నీళ్లూ ఆకాశమూ కలిసే గీత ఉంది చూశారా, అది ఎప్పుడూ సరిగ్గా మీ కంటి ఎత్తులోనే ఉంటుంది. ఇసకలో కూర్చోండి, గీత మీతోపాటు కిందికి దిగుతుంది. మేడ ఎక్కండి, అదీ పైకి వస్తుంది. ఆ గీతకు కింద ఉన్న వస్తువుల పైభాగం మీకు కనపడుతుంది. పైన ఉన్నవాటి అడుగు కనపడుతుంది. రోడ్డు, దాని పక్క కరెంటు స్తంభాల వరస, కాలవ గట్టు, ఇవన్నీ ఒకేవైపు తిన్నగా పోతుంటే చివరికి ఆ గీత మీదే ఒక చుక్కలో కలిసినట్టు కనపడతాయి. బొమ్మ గీసే ముందు కాగితం మీద ఆ గీత ఎక్కడుందో సన్నగా గీసుకోండి. సగం తప్పులు అక్కడే పోతాయి.

ఇక ఊత. ఇది అసలు సంగతి.

నేను చెన్నైలో నాలుగో పుస్తకం నింపుతున్నప్పుడు మా తాత పోయాడు. కర్మలు అయ్యాక మళ్లీ పనిలోకి వెళ్లాను. ఆ రోజు పేజీలో ఏం గియ్యాలా అని కూర్చుంటే తాత ఊత గుర్తొచ్చింది. చిన్నప్పుడు రోజూ చూసిందే. దాన్ని భుజాన వేసుకుని తాత వెనక ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. మొదలుపెట్టాను. పైన చిన్న సున్నా, కింద పెద్ద సున్నా, మధ్యలో వెదురుబద్దలు. బాగానే ఉంది. తర్వాత పెన్ను ఆగిపోయింది. బద్దలను పట్టి ఉంచే కట్లు ఎన్ని వరసలు? రెండా, మూడా? కట్టు బద్ద చుట్టూ తిరుగుతుందా, బద్దల మధ్యనుంచి అల్లుకుంటూ పోతుందా? కింద బద్దల కొసలు ఎట్టా ఉంటాయి? పైన చెయ్యి పెట్టే చోట అంచు ఎట్టా ముగుస్తుంది? ఒక్కటి కూడా తెలియదు. నా కళ్ల ముందు పదిహేనేళ్లు ఉన్న వస్తువు నాకు తెలియదు. చూశాననుకున్నాను, చూళ్లేదు. అడుగుదామంటే తాత లేడు. ఇంట్లో ఊత కూడా లేదు, ఎప్పుడో పొయ్యిలోకి పోయింది.

ఆ పేజీ అట్టాగే ఉంది, సగం బొమ్మతో. ఇదిగో.

తర్వాత సెలవులకు వచ్చినప్పుడు గంగపట్నం వైపు మాకు మామ వరసయ్యే పెద్దాయన దగ్గరికి పోయాను. నాకు తెలిసినవాళ్లలో ఊత కట్టడం వచ్చినవాళ్లు ఇంకెవరూ లేరు. నా బొమ్మ చూపించాను. ఆయన పుస్తకాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ‘ఏందిరా అబ్బయా, ఇది ఊతా, గంపా? కింద కట్టు ఇంత కొసకు వేశావే. బురదలోకి దిగేది ఎట్టా? చేప కిందనుంచి పోతాది’ అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు కళ్లు తెరుచుకున్నాయి. కట్టు కిందికంటా ఉండకూడదు. బద్దల కొసలు కట్టు కింద వదులుగా ఉండాలి, వాటిని చెక్కి ఉండాలి. అప్పుడు అవి బురదలో దిగబడతాయి, చేపకు సందు దొరకదు. పై అంచుకు నార దట్టంగా చుట్టాలి, లేకపోతే చేప కోసం చెయ్యి పెట్టి తీసేటప్పుడు వెదురు కోసుకుంటుంది. బద్దకూ బద్దకూ మధ్య సందు ఎంత ఉండాలో మనం పట్టదలచిన చేపను బట్టి ఉంటుంది. ఇదంతా డిజైన్ కాక మరేంది? ఏ కాలేజీలోనూ చదవని మనిషి ఒక్కొక్క కొలతకూ ఒక్కొక్క కారణం చెప్పాడు.

రెండు రోజులు ఆయన దగ్గర కూర్చున్నాను. ఆయన కడుతుంటే నేను గీశాను. పద్నాలుగు పేజీలు. బల్ల మీద ఉన్న ఈ ఊత ఆయన అప్పుడు కట్టిందే. కట్టాక ‘తీసుకుపో, నాకెందుకు, నీళ్లెక్కడున్నాయి పట్టడానికి, అన్నీ గుంటలేగా’ అన్నాడు. ఇప్పుడు ఆయనా లేడు.

‘సెల్‌ఫోను ఉందిగా అన్నా, ఫొటో తీస్తే పోయేదిగా’ అంటారు. తీశాను కూడా. ఫొటోలు ఎప్పుడో పోయిన ఫోనుతోపాటు పోయాయి, అది వేరే సంగతి. ఫొటో ఉన్నా అందులో బయటి రూపమే ఉంటుంది. కట్టు వెనకవైపు ఎట్టా తిరిగిందో ఫొటోలో పడదు. గీసేవాడికి మాత్రం ప్రతి గీత దగ్గరా ఒక ప్రశ్న వస్తుంది. ఈ బద్ద ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, దేని వెనకనుంచి పోయింది? తెలియకపోతే పెన్ను కదలదు. అడగాల్సిందే. నేను ఫొటో తీసుంటే మామను ఒక్క ప్రశ్న కూడా అడిగేవాణ్ణి కాదు. అదీగాక మావు తీసుకోండి. చేప లోపలికి పోవడానికి వస్తుంది, బయటికి రావడానికి రాదు. ఆ కిటుకంతా లోపల సన్నబడే గొట్టం లాంటి నోట్లో ఉంది. దాన్ని ఫొటో తియ్యాలంటే మావును కొయ్యాలి. బొమ్మలో అయితే కాగితం మీదే సగానికి కోసి చూపించొచ్చు. ఎలకల బుట్ట కూడా అంతే. వంచి కట్టిన వెదురుబద్ద, దాని తాడు, ఉచ్చు, లోపల గింజల దగ్గర కదిలే పుల్ల. ఎలక పుల్లను కదిలిస్తే బద్ద ఎట్టా లేస్తుంది? మూడు చిన్న బొమ్మలు పక్కపక్కన గీస్తే చిన్నపిల్లోడికి కూడా అర్థమవుతుంది.

మన గురించి రాసినవాళ్లు లేకపోలేదు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద వేసిన ఏడు సంపుటాల్లో యానాదుల మీద అధ్యాయం ఉంది. మన జిల్లావాడైన వెన్నెలకంటి రాఘవయ్యగారు మనవాళ్ల మధ్య ఏళ్లతరబడి పనిచేసి 1962లో ‘ది యానాదీస్’ అని పుస్తకమే రాశారు. వాటికి విలువ ఉంది, చదవండి. కానీ అవి బయటినుంచి వచ్చి చూసినవాళ్లు రాసుకున్నవి. బురదలో నిలబడి ఊత నొక్కినవాడు గీసిన బొమ్మ ఏది? శ్రీహరికోట దీవిలో మనవాళ్లు ఎన్ని తరాలుగానో ఉన్నారు. 1971లో అక్కణ్ణించి మొదటి రాకెట్ ఎగిరింది. ఆ రాకెట్ బొమ్మలు మీ స్కూలు పుస్తకాల్లో ఉంటాయి. అదే దీవిలో బతికిన మనిషి ఇల్లు ఎట్టా కట్టుకునేవాడో, దుంప దేంతో తవ్వేవాడో చూపించే బొమ్మ, మనవాళ్ల చేత్తో గీసింది, నేను ఎక్కడా చూడలేదు. కోపంతో చెప్పడం లేదు. పని మిగిలి ఉందని చెప్తున్నాను.

ఇదయ్యే పనేనా అని అనుమానం వస్తే ఇద్దరి సంగతి చెప్తాను. మహారాష్ట్రలో వర్లీ గిరిజనులు ఉన్నారు. వాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లకు ఆడవాళ్లు గోడల మీద తెల్లపిండితో బొమ్మలు వేసేవాళ్లు. పండగొస్తే, పెళ్లొస్తేనే. జివ్యా సోమా మాషే అనే ఆయన మగవాడైనా ఆ బొమ్మలు పట్టుకున్నాడు, అదీ పెళ్లి లేని రోజు కూడా, రోజూ. ఆయనకు 2011లో పద్మశ్రీ వచ్చింది. రెండోవాడు భజ్జూ శ్యామ్, మధ్యప్రదేశ్‌లో పాటన్‌గఢ్ అనే గోండుల ఊరు ఆయనది. పని కోసం భోపాల్ వచ్చి నైట్ వాచ్‌మన్‌గా కూడా చేశాడు. గుంటల మీద కాపలా ఉండే తమ్ముళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. బంధువైన జన్‌గఢ్ సింగ్ శ్యామ్ దగ్గర బొమ్మల పనిలో చేరి చెయ్యి తిప్పుకున్నాడు. తర్వాత లండన్‌లో ఒక హోటలు గోడల మీద బొమ్మలు వెయ్యడానికి పోయాడు. తిరిగొచ్చాక ఆ ఊరిని తన కళ్లతో గీశాడు. అక్కడి పెద్ద గడియారం ఆయనకు పొద్దున్నే లేపే కోడిపుంజులా కనపడింది. భూమి కింద పోయే రైలు వానపాములా కనపడింది. 2004లో అది పుస్తకంగా వచ్చింది, 2018లో పద్మశ్రీ. ఆయన లండన్‌ను లండన్‌వాళ్ల మాదిరి గియ్యబోతే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదేమో. ఇది నా అభిప్రాయం.

అంత దూరం ఎందుకు, మన పక్కనే శ్రీకాళహస్తి ఉంది. అక్కడి కలంకారీ అచ్చులతో వేసేది కాదు, చేత్తో గీసేది. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. చింతపుల్లల్ని కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మ వేసుకుంటారు. ఆ తర్వాత వెదురు కలంతో నల్లటి కసిమి గీత. ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో ఊరబెట్టి తయారుచేస్తారు ఆ కసిమి. బొగ్గు గీత దులిపితే పోతుంది. కసిమి గీత బట్టలోకి దిగితే ఇక పోదు. ఆ గీత వెయ్యగల ధైర్యం ఎక్కణ్ణించి వస్తుంది? అంతకుముందు వేల గీతలు వేసి ఉండటం నుంచి. వీలైతే ఒకసారి పోయి కూర్చుని చూడండి. పైసలు పెట్టి కొనకపోయినా ఎవరూ కొట్టరు. చింతపుల్ల బొగ్గు మీరూ ఇంట్లో చేసుకోవచ్చు. మట్టి మూకుడులో పుల్లలు పెట్టి, గాలి పోకుండా మూసి కాల్చండి. మొదటిసారి బూడిదే వస్తుంది. నాకూ అంతే అయింది.

ఇక చదువు, ఉద్యోగం సంగతి. దీని గురించి త్వరగా చెప్తాను, ఎందుకంటే దీన్ని పెద్దది చేసి చెప్పి మీ దగ్గర ఫీజులు గుంజేవాళ్లు చాలామంది ఉన్నారు. డిజైన్ చదువులకు ఎన్‌ఐడీ, నిఫ్ట్ ఉన్నాయి. ఐఐటీల్లో డిజైన్ కోర్సులకు యూసీడ్ అనే పరీక్ష ఉంది. ఎన్‌ఐడీ మన రాష్ట్రంలోనే ఒకటి 2015 నుంచి నడుస్తోంది. ఇంటర్ ఏ గ్రూపు చదివినా ఈ డిజైన్ డిగ్రీలకు రాయొచ్చు. ఎస్టీలకు 7.5 శాతం సీట్లు ఉన్నాయి. ఈ మూడు పరీక్షల్లోనూ చేత్తో బొమ్మ గియ్యాల్సిన భాగం ఉంది. స్కేలు పెట్టి గీసినంత నున్నగా ఉందా అని కాదు, ఆలోచన కాగితం మీద కనపడిందా అని చూస్తారు. రోజూ గీస్తే సీటు వస్తుందని నేను మాటివ్వలేను. లెక్కలు, ఇంగ్లీషు, లోకజ్ఞానం కూడా అడుగుతారు. కానీ డ్రాయింగు భాగానికి వేలకు వేలు పెట్టి కోచింగ్ అక్కర్లేదని మాత్రం గట్టిగా చెప్పగలను. వడ్రంగం, వెల్డింగ్, టైలరింగ్, ఇంటీరియర్ పనులు చేసేవాళ్లకు కూడా ఇది కూలి పెంచే విద్య. నేను హెల్పరు నుంచి డ్రాయింగ్ బల్ల దగ్గరికి చేరడానికి ఏడాదిన్నర పట్టింది. జీతం రెట్టింపు కాలేదు. పెరిగింది, చెప్పుకునేంత పెరిగింది. ఇంటికి చెప్పిన అబద్ధం కూడా నిజమైంది.

రోజూ అంటే ఎంతసేపు అని అడుగుతారు. ఇరవై నిమిషాలు. ఆదివారం మూడు గంటలు కూర్చుని మిగతా ఆరు రోజులు వదిలేయడం కంటే రోజుకు ఇరవై నిమిషాలు చాలా మేలు. చెయ్యి మరిచిపోదు. మొదటి అయిదు నిమిషాలు ఉట్టి గీతలు, సున్నాలు. గాయకులు సరిగమలు అనుకున్నట్టు. తర్వాత ఒకటే వస్తువు. చెంబు, చెప్పు, స్టవ్వు, గుంటలో తిరిగే ఏరేటరు, వలకు కట్టిన బెండు, ఏదైనా. ఒకసారి చూస్తూ గియ్యండి. పక్కకు తిరిగి ఇంకో వైపునుంచి గియ్యండి. మూడోసారి దాన్ని దాచేసి గుర్తు మీద గియ్యండి. మూడోది ఎక్కడ ఆగిపోయిందో అక్కడ మీరు చూళ్లేదన్నమాట. నా ఊత ఆగిపోయినట్టు.

కాగితం లేదనొద్దు. పాత కరపత్రాల వెనక, క్యాలెండరు కాగితాల వెనక గియ్యండి. కాకపోతే అన్నీ ఒకచోట కుట్టుకుని తేదీ వేసి దాచుకోండి. రెండో నెలలో ఒక కష్టం వస్తుంది, ముందే చెప్తున్నాను. అప్పటికి చెయ్యి కొంచెం కుదురుతుంది, కన్ను మాత్రం దానికంటే ముందు పోతుంది. అంటే తప్పులు ఎక్కువ కనపడతాయి. ‘ముందుకంటే చెడిపోయాను’ అనిపిస్తుంది. నేను అప్పుడు పన్నెండు రోజులు మానేశాను. పుస్తకంలో ఆ తేదీలు లేవు, చూడండి. పెద్దాయన మొదటి పేజీ, ఆఖరి పేజీ పక్కపక్కన పెట్టి చూపించాక మళ్లీ పట్టుకున్నాను. తేదీ వెయ్యమన్నది అందుకే.

ఆడపిల్లలకు ఇంకో కష్టం ఉంది. ఇరవై నిమిషాలు కూడా కూర్చోనివ్వరు. ‘ఆ గీతలేందే, అంట్లు తోము’ అంటారు. ఇక్కడ కూర్చున్న అమ్మలకు చెప్తున్నా, ఆ ఇరవై నిమిషాలు వదలండమ్మా. అంట్లు తమ్ముడు తోముతాడు, చేతులున్నాయిగా వాడికి.

మాటలు చాలు. సంఘం వాళ్లు కాగితాలు, బాల్‌పెన్నులు పంచుతున్నారు. అందరూ ఈ ఊతను గియ్యండి. ముందు మీ కంటి ఎత్తు గీత ఎక్కడో చూసుకోండి. కింద కూర్చున్నవాళ్లకు ఒకచోట, వెనక నిలబడ్డవాళ్లకు ఒకచోట ఉంటుంది, కాబట్టి పక్కవాడి బొమ్మ చూసి వెయ్యొద్దు, తప్పొస్తుంది. పైన ఉన్న సున్నా, కింద ఉన్న సున్నా మీకు గుండ్రంగా కనపడవు, గాజును వాల్చి చూసినట్టు నొక్కుకుపోయి కనపడతాయి. రెండిట్లో కంటి ఎత్తుకు దగ్గరగా ఉన్నది ఎక్కువ నొక్కుకుపోతుంది, కిందది కొంచెం విప్పారి ఉంటుంది. రెండూ ఒకేలా వేస్తే ఊత బల్ల మీద నిలబడదు, తేలుతుంది. ముందు వాటిని వెయ్యండి, ఆవలి పక్క కనపడకపోయినా సన్నగా పూర్తి చెయ్యండి. తర్వాత బద్దలు, పైనుంచి కిందికి, ఒక్క ఊపులో. కట్లు ఎన్ని వరసలో లెక్కపెట్టండి. కట్టు ముడి అర్థం కాకపోతే దగ్గరికొచ్చి చేత్తో తడిమి చూడండి, తిరగేసి చూడండి. కింద కొసలు జాగర్త, గుచ్చుకుంటాయి.

పది నిమిషాలు. ఫోన్లు జేబుల్లో పెట్టండి. పైన కుడివైపు ఈరోజు తేదీ వెయ్యండి. కానివ్వండి.